ఎంగిలి విస్తరి దగ్గర ఇద్దరు: కథల్లో మనిషి, కుక్క, కులం

కుక్క గురించి రాసినప్పుడల్లా మన సాహిత్య విమర్శకులు ఒకే మాట వాడుతూ వచ్చారు: విశ్వాసం. ఇదే మాటని ఊళ్లో ఇంకెవరి గురించి వాడతారో చూడండి. జీతగాడి గురించి వాడతారు. పాలేరు గురించి వాడతారు. తరతరాలుగా ఒకే ఇంటికి వెట్టి చేసిన కుటుంబం గురించి వాడతారు. కుక్కలాగ విశ్వాసంగా పడి ఉంటాడని దొర అంటే అది మెచ్చుకోలు. అదే జీతగాడు జీతం పెంచమని అడిగిన రోజు, కుక్కకున్న విశ్వాసం కూడా వీడికి లేదంటారు. మెచ్చుకున్నా తిట్టినా కొలబద్ద కుక్కే. ఈ కొలబద్దని తయారుచేసింది అన్నం పెట్టే చెయ్యి గాని, తినే నోరు కాదు.

అందుకని మనిషికీ కుక్కకీ ఉన్న బంధం మీద వచ్చిన గొప్ప కథల్ని చదివేటప్పుడు 'ఎంత ప్రేమ!' అని ఆగిపోతే చాలదు. ఆ ఇద్దరికీ అన్నం ఎక్కణ్ణుంచి వస్తోంది? ఏ గిన్నెలో వస్తోంది? పెట్టినవాళ్లు బదులుగా ఏం అడుగుతున్నారు? ఆ మనిషికి కుక్క తప్ప ఇంకెవరూ ఎందుకు మిగల్లేదు? ఈ ప్రశ్నలు వేస్తేనే ఆ బంధం ఏంటో తెలుస్తుంది.

ఈ వ్యాసంలో మూడు కథలు తీసుకుంటున్నాను. ఒకటి, రష్యన్ రచయిత తుర్గేనెవ్ రాసిన 'ముము'. మిగతా రెండూ ప్రేమ్‌చంద్‌వి: 'పూస్ కీ రాత్' (పుష్యమాసపు రాత్రి), 'దూధ్ కా దామ్' (పాల ఖరీదు). మొదటి కథలో మనిషి అర్ధబానిస. రెండో కథలో అప్పులపాలైన రైతు. మూడో కథలో అంటరాని పిల్లవాడు. ముగ్గురి పక్కనా ఒక్కో కుక్క ఉంది. ముగ్గురూ కథ చివరికి ఒక్కో చోటికి చేరతారు. ఎవరు ఎక్కడికి చేరారు అనే దాని మీదే నా చర్చ.

ధర్మరాజు కుక్క, శ్వపచుడి కుక్క

ఈ కథల కంటే చాలా ముందే మన పురాణాలు కుక్కకి రెండు విలువలు కట్టి పెట్టాయి. మహాభారతం మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు రాజ్యం వదిలి హిమాలయాల వైపు నడుస్తుంటే ఒక కుక్క వెంటపడుతుంది. దారిలో ద్రౌపది పడిపోతుంది. సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరసగా పడిపోతారు. ఎవరు ఏ తప్పు వల్ల పడిపోయారో చెప్పుకుంటూ ధర్మరాజు ముందుకే నడుస్తాడు, వెనక్కి తిరిగి చూడడు. వాళ్లు ముందే స్వర్గం చేరారని తర్వాత ఇంద్రుడు చెబుతాడు. కుక్కని వదిలి రథం ఎక్కమని అదే ఇంద్రుడు అంటే మాత్రం ధర్మరాజు ససేమిరా అంటాడు. నమ్మి వెంట వచ్చినదాన్ని వదలనంటాడు. అప్పుడా కుక్క ధర్మదేవతగా మారుతుంది. మనిషికీ కుక్కకీ ఉన్న బంధం గురించి ఎవరు ఉపన్యాసం ఇచ్చినా ఈ కథతోనే మొదలుపెడతారు.

అదే మహాభారతం శాంతిపర్వంలో ఇంకో కుక్క ఉంది. దాని గురించి ఉపన్యాసాల్లో ఎవరూ ఎత్తరు. అది చచ్చిన కుక్క. పన్నెండేళ్ల కరువులో విశ్వామిత్రుడు ఆకలికి తాళలేక చండాలవాడకి పోయి, ఒక ఇంట్లో ఉన్న కుక్క తొడ దొంగిలించబోతాడు. ఆ ఇంటి చండాలుడు లేచి, అది తినరానిదని ఋషికే ధర్మం చెబుతాడు. ఋషి వినడు. ప్రాణం నిలబెట్టుకోడానికి ఏం తిన్నా దోషం లేదని వాదించి పట్టుకుపోతాడు. ఆపద్ధర్మం అనే పేరుతో ఋషికి దోషం పోతుంది. అదే మాంసం ఇంట్లో ఉన్నవాడికి మాత్రం ఆ పేరే కులం పేరవుతుంది: శ్వపచుడు, అంటే కుక్కని వండుకునేవాడు.

మనుస్మృతి దీన్ని చట్టంగా రాసిపెట్టింది. పదో అధ్యాయంలో 51 నుంచి 54 దాకా ఉన్న శ్లోకాల్లో చండాలులూ శ్వపచులూ ఊరి బయట ఉండాలనీ, కుక్కలూ గాడిదలే వాళ్ల ఆస్తి అనీ, వాళ్లకి అన్నం పగిలిన కుండలో ఇతరుల చేత పెట్టించాలనీ ఉంది. ఊరి బయట, కుక్క, పగిలిన కుండ. ఈ మూడు మాటలూ గుర్తుపెట్టుకోండి. 1934లో రాసిన ఒక హిందీ కథలో ఈ మూడూ మళ్లీ కనిపిస్తాయి.

అంటే కుక్క రాజు పక్కన నడిస్తే ధర్మం. వాడలో ఉంటే అంటు. విలువ కుక్కలో లేదు, పక్కన నడిచే మనిషి కులంలో ఉంది. 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగడానికి అంబేడ్కర్ వేలమందిని తీసుకుపోయినప్పుడు తేల్చిన సంగతి కూడా ఇదే. ఆ చెరువులో పశువులు తాగొచ్చు, అంటరానివాళ్లు తాగకూడదు. అదే ఏడాది డిసెంబరు 25న అక్కడే మనుస్మృతిని తగలబెట్టారు. 1931 ఆగస్టులో బొంబాయిలో గాంధీని కలిసినప్పుడు, కుక్కలకూ పిల్లులకూ ఉన్నపాటి విలువ కూడా మాకు లేని చోటుని నా దేశం అని ఎట్ల అనుకోవాలని ఆయన నిలదీశారు. అంబేడ్కర్ నోట కుక్క విశ్వాసానికి ఉపమానం కాదు. ఎవరికి ఏ హక్కు ఉందో చూపించే సాక్ష్యం. మన చదువుకి ఈ చూపు కావాలి.

కుక్కని ముంచి, ఊరికి నడిచినవాడు

తుర్గేనెవ్ 'ముము' కథని 1852లో రాశాడు. గోగోల్ చనిపోయినప్పుడు రాసిన వ్యాసం కారణంగా పీటర్స్‌బర్గ్‌లో నిర్బంధంలో ఉన్న రోజులవి. 1854లో అచ్చయింది. రష్యాలో అర్ధబానిసత్వం రద్దయింది 1861లో. అంటే కథ వచ్చేనాటికి ఇంకా మనుషుల్ని భూమితో పాటు అమ్ముకునేవాళ్లు.

గెరాసిమ్ పుట్టుచెవుడు, మూగ. నలుగురి పని ఒక్కడే చేయగల బలశాలి. పొలం పనిలో ఉన్నవాణ్ణి యజమానురాలు మాస్కోకి రప్పించి తన ఇంటికి వాకిలి కాపరిగా పెట్టుకుంటుంది. అతను బట్టలుతికే తత్యానాని ఇష్టపడతాడు. యజమానురాలు ఆమెని ఒక తాగుబోతు చెప్పులు కుట్టేవాడికిచ్చి పెళ్లి చేయాలనుకుంటుంది. అడ్డురాకుండా ఉండాలని తత్యానా చేత గెరాసిమ్ ముందు తాగినదానిలా నటింపజేస్తారు. తర్వాత ఆ జంటని దూరం పంపేస్తారు. ఆమెని సాగనంపి వస్తుంటే నదిలో కొట్టుకుంటున్న కుక్కపిల్ల కనపడుతుంది. తెచ్చి సాకుతాడు. తన నోటికి వచ్చే ఒక్క శబ్దంతోనే పేరు పెడతాడు: ముము. కొన్నాళ్లకి ఆ కుక్క అరుపు యజమానురాలి నిద్రకి అడ్డమవుతుంది. దాన్ని లేకుండా చేయాలని హుకుం వస్తుంది. గెరాసిమ్ తన చేత్తోనే చేస్తానని సైగ చేస్తాడు. పూటకూళ్ల ఇంటికి తీసుకుపోయి మాంసం ముక్కలు వేసిన సూపు పెట్టిస్తాడు. పడవలో నది మధ్యకి పోయి, ఇటుకలు కట్టి ముంచేస్తాడు.

చాలామంది ఇక్కడ కన్నీళ్లు పెట్టుకుని పుస్తకం మూసేస్తారు. కథ ఇక్కడ అయిపోలేదు. గెరాసిమ్ యజమానురాలి ఇంటికి పోయి తన మూట కట్టుకుంటాడు. ఎవరినీ అడగడు. రాత్రంతా నడిచి తన ఊరికి పోతాడు. కొడవలి పట్టుకుని గడ్డి కోతలోకి దిగుతాడు.

ఈ కథకి మూలం తుర్గేనెవ్ తల్లి వర్వారా పెత్రోవ్నా ఇంట్లో పనిచేసిన ఆంద్రేయి అనే మూగ పనివాడు. అతని చేత కూడా కుక్కని చంపించారు. అతను మాత్రం ఎక్కడికీ పోలేదు. చివరిదాకా ఆమె దగ్గరే పనిచేశాడు. జరిగింది అది. రాసింది ఇది. తుర్గేనెవ్ భూస్వామి కొడుకే. అయినా ఆ చివరి నడకని కల్పించి పెట్టాడు. హుకుంకి లొంగినట్టే కనపడి, ఆ ఇంటితో ఉన్న చివరి ముడిని తన చేత్తోనే తెంపేసుకుని, బయటికి నడిచాడు గెరాసిమ్. వాస్తవిక రచయిత జరిగిందే రాయాలని రూలేమీ లేదని చెప్పడానికి ఈ సంగతి మళ్లీ పనికొస్తుంది.

కుక్క కాపలా కాసింది, రైతు లేవలేదు

'పూస్ కీ రాత్' 1930లో వచ్చింది. డిగ్రీ హిందీ పాఠాల్లో చాలామంది చదివే ఉంటారు. హల్కూ కంబళి కొనడానికి దాచుకున్న మూడు రూపాయలూ అప్పులోడికి పోతాయి. పుష్యమాసపు చలిలో పాత దుప్పటి కప్పుకుని చేను కాపలాకి పోతాడు. తోడు జబరా అనే కుక్క. చలికి తట్టుకోలేక కుక్కని ఒళ్లోకి తీసుకుంటాడు. దాని ఒళ్లు కంపు కొడుతుంటుంది. అయినా ఆ వెచ్చదనంలో హల్కూకి సుఖంగా ఉంటుంది. ఈ కౌగిలి దగ్గర ప్రేమ్‌చంద్ స్నేహం గురించి చాలా గొప్పగా రాస్తాడు. పాఠాలు చెప్పేవాళ్లు కూడా ఇక్కడే ఆగి, జీవకారుణ్యం గురించి నోట్సు రాయిస్తారు.

అసలు కథ ఆ తర్వాత ఉంది. మామిడితోటలో ఆకులు పోగేసి మంట వేసుకున్నాక హల్కూకి లేవబుద్ధి కాదు. చేనులో నీలిగాయిలు పడతాయి. జబరా గొంతు చించుకుని అరుస్తుంది. హల్కూకి వినపడుతుంది. రెండడుగులు వేసి మళ్లీ బూడిద దగ్గర కూర్చుంటాడు. పొద్దున భార్య మున్నీ వచ్చి చూసేసరికి చేనంతా నాశనం. కుక్క ప్రాణం లేనట్టు పడి ఉంటుంది. ఇక కూలి చేసి శిస్తు కట్టాల్సిందేనని మున్నీ బాధపడుతుంది. రాత్రుళ్లు చలిలో ఇక్కడ పడుకునే బాధ తప్పిందని హల్కూ సంతోషపడతాడు.

ఇక్కడ విశ్వాసం చూపింది ఎవరు? కుక్క. మనిషి కాదు. పంట వస్తే అప్పులోడికి పోతుందని కుక్కకి తెలియదు, హల్కూకి తెలుసు. తెలిసినవాడు లేవలేదు. అది సోమరితనం కాదు. తనది కాని పంటకి కాపలా కాయనని నోటితో అనలేనివాడు ఒంటితో అన్నాడు. కుక్క పక్కన ఉండడం వల్లే ఈ తేడా మనకి కనపడింది. మనిషికి కుక్క విశ్వాసం ఉండకపోవడమే ఈ కథలో తెలివి. రైతు చేను వదులుకున్నాడు, రేపు కూలీ అవుతాడు. అది నష్టమే. కాని ఆ నష్టం వైపు తనే నడిచాడు.

కథలో హల్కూ కులం పేరు లేదు. అతనికి వదులుకోవడానికి ఒక చేను ఉంది. మూడో కథలో పిల్లవాడికి అది కూడా లేదు.

పాల ఖరీదు

'దూధ్ కా దామ్' 1934లో వచ్చింది. పూనా ఒడంబడిక జరిగి రెండేళ్లయింది. గాంధీ హరిజన యాత్ర నడుస్తున్న కాలం. ఈ నేపథ్యం మరిచిపోయి ఆ కథ చదవలేం.

మహేశ్‌నాథ్ జమీందారు. చదువుకున్నవాడు. అతని ఇంట్లో పురుళ్లు పోసేది భంగి కులస్త్రీ భుంగీ. ముగ్గురు ఆడపిల్లల తర్వాత మగపిల్లవాడు సురేశ్ పుడతాడు. తల్లికి పాలు పడవు. మూడు నెలల బిడ్డ తల్లి అయిన భుంగీ సురేశ్‌కి ఏడాదిపాటు పాలిస్తుంది. ఆమె సొంత బిడ్డ మంగల్ పైపాలతో బక్కచిక్కిపోతాడు. తర్వాత పురోహితులు అంటు గురించి గొణుగుతారు, పాలు మాన్పిస్తారు. ప్లేగులో భర్త గూదర్ పోతాడు. ఒకరోజు మహేశ్‌నాథ్ ఇంటి మోరీ శుభ్రం చేస్తుంటే పాము కరిచి భుంగీ చనిపోతుంది. మంగల్ అనాథ అవుతాడు. జమీందారు ఇంటి ఎదురుగా వేపచెట్టు కింద ఉంటాడు. ఒక గోనెపట్టా, రెండు మట్టిమూకుళ్లు, సురేశ్ విడిచేసిన ధోవతి. ఇదీ వాడి ఆస్తి. ఊళ్లో తిరిగే ఒక కుక్క వచ్చి చేరుతుంది. వాడు దానికి టామీ అని పేరు పెట్టుకుంటాడు. ఇద్దరూ ఒకే కూడు తింటారు, ఒకే గోనె మీద పడుకుంటారు.

ఊరి బయట, కుక్క, పగిలిన కుండ అని మనువు రాసినవి ఇక్కడ ఎట్ల మారాయో చూడండి. ఊరి బయట కాదు, జమీందారు వాకిలి ఎదురుగా. పగిలిన కుండ కాదు, మట్టిమూకుడు. కుక్క మాత్రం కుక్కే. ఉదారవాది అయిన జమీందారు ఇంటి ముందు మనుస్మృతి ఇంతే మారింది.

మా నాయిన చాన ఏండ్లు ఒక ఇంట్ల జీతం ఉన్నడు. ఆ ఇంటి కుక్క వంటింటి గడప దాక పోయేది. మా నాయిన పశువుల కొట్టం దాటి లోపలికి పోలే. ఆయన తినే సత్తుగిన్నె కొట్టం చూరుల చెక్కి ఉండేది. తిని, కడిగి, మళ్ల ఆడనే చెక్కాలె. ఆ గిన్నెని ఇంకెవ్వరు ముట్టేటోళ్లు కాదు. కుక్క గిన్నె మాత్రం ఆ ఇంటి ఆడోళ్లే కడిగేది. మా ఇంట్లో బడి గడప తొక్కినవాణ్ణి నేనే మొదటివాణ్ణి కాబట్టి ఇది కాగితం మీద పెట్టగలుగుతున్నాను. మంగల్ మట్టిమూకుణ్ణి చూసి జాలిపడడం వేరు, ఆ గిన్నె ఎవరిదో తెలిసి చదవడం వేరు.

కథలో అన్నిటికంటే గొప్ప ఘట్టం కుక్కది కాదు, గుర్రానిది. పిల్లలు గుర్రం ఆట ఆడుతూ మంగల్‌ని పిలుస్తారు. ఎప్పుడూ నేనే గుర్రమా, నాకు ఎక్కే వంతు కూడా ఉందా అని మంగల్ అడుగుతాడు. భంగివాణ్ణి వీపు మీద ఎవరు ఎక్కించుకుంటారని సురేశ్ అంటాడు. మా అమ్మే నీకు పాలిచ్చి పెంచింది గదా అని మంగల్ గుర్తుచేస్తాడు. ఎక్కే వంతు లేకపోతే గుర్రం కానంటాడు. పట్టుకుని బలవంతంగా గుర్రాన్ని చేస్తారు. బరువు మోయలేక వాడు జారుకుంటాడు, సురేశ్ కిందపడి ఏడుస్తాడు, తల్లి వచ్చి మంగల్‌ని తిట్టి వెళ్లగొడుతుంది.

ఎనిమిది పదేళ్లయినా నిండని పిల్లవాడు అడిగిన ప్రశ్న అది. నేనూ ఎక్కొచ్చా? సమాన హక్కు అంటే ఏంటో ఇంతకంటే తేలిక మాటల్లో చెప్పలేం. ఈ మాట రాసినందుకు ప్రేమ్‌చంద్‌కి దండం పెట్టాలి.

ఆ తర్వాత ఏం జరుగుతుంది? మంగల్ టామీని వెంటపెట్టుకుని కూలిపోయిన తన ఇంటికి పోతాడు. ఇక ఆ వాకిలి తొక్కనని అనుకుంటాడు. సాయంత్రమయ్యేసరికి ఆకలి. కుక్కతో మాట్లాడతాడు. చీకట్లో ఇద్దరూ మళ్లీ జమీందారు ఇంటికే వస్తారు. పక్కన నక్కి నిలబడతారు. పనివాడు ఎంగిలి విస్తరి పారేయడానికి బయటికి రాగానే మంగల్ వెలుతురులోకి వచ్చి చెయ్యి చాస్తాడు. ఇద్దరూ వేపచెట్టు కింద కూర్చుని తింటారు. తింటూ కుక్క తల నిమురుతూ చెబుతాడు: కడుపు మంట ఇట్లాంటిది, ఈ ఎంగిలి కూడా దొరకకపోతే ఏం చేసేవాళ్లం అని. సురేశ్‌ని మా అమ్మే పెంచిందని చెబుతాడు. పాల ఖరీదు ఎవరూ తీర్చలేరంటారు గదా, నాకు ఆ ఖరీదు ఇట్ల ముడుతోంది అని చెబుతాడు. టామీ తోక ఊపుతుంది. కథ అయిపోతుంది.

కుక్క ఎవరి చోటులో కూర్చుంది?

ఈ ముగింపులో ఉన్న వ్యంగ్యం పదునైనది, కాదనను. తల్లి పాలకి బదులు ఎంగిలి విస్తరి. ఉదారంగా మాట్లాడే జమీందారు ముఖం మీద ఉమ్మేసినట్టే ఉంటుంది. నా పేచీ వ్యంగ్యంతో కాదు. ఆ మాట ఎవరికి చెప్పించాడు అనే దానితో.

గుర్రం ఆటలో మంగల్ తన ప్రశ్నని సురేశ్ ముఖం మీదే అడిగాడు. చివర్లో తన ప్రశ్నని కుక్కకి చెప్పుకున్నాడు. కుక్క తోక ఊపింది. ప్రశ్న అక్కడే ఆగిపోయింది. జమీందారు ఇంట్లో ఎవరికీ వినపడలేదు. వింటున్నది పాఠకుడొక్కడే. ఆ కాలంలో హిందీ పత్రికలు చదివే పాఠకుడు ఎక్కువగా మహేశ్‌నాథ్ లాంటి చదువుకున్న ఇంటివాడే. వాడు రెండు కన్నీటిబొట్లు రాల్చి పత్రిక పక్కన పెడతాడు. హరిజనోద్ధరణ కోరింది కూడా ఆ కన్నీళ్లనే.

ఇంకో సంగతి. మంగల్‌కి ఊళ్లో తన కులపోళ్లు ఎవరూ కథలో కనపడరు. తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లవాణ్ణి చేరదీసే అవ్వ లేదు, మేనమామ లేడు, వాడ లేదు. నేను ఎరిగినంతలో ఏ వాడలోనూ పసిపిల్లవాడు కుక్కతో ఒంటరిగా మిగిలిపోడు. తినడానికి దిక్కులేనోళ్లు కూడా దిక్కులేని పిల్లల్ని సాకుతారు. అదే మన బతుకులో ఉన్న బలం. ప్రేమ్‌చంద్ వాడని తీసేసి, ఆ ఖాళీలో కుక్కని పెట్టాడు. 'ముము'లో కూడా కుక్క వచ్చింది తత్యానా పోయిన చోటులోకే. కాని అక్కడ తత్యానాని తీసేసింది యజమానురాలు. కథే ఆ సంగతి చెబుతుంది. ఇక్కడ వాడని తీసేసింది రచయిత. అది చెప్పకుండా జరిగిపోయింది. అందువల్ల మంగల్ పోవడానికి జమీందారు వాకిలి తప్ప ఇంకో దారి లేకుండా పోయింది.

ఇప్పుడు మూడు ముగింపులూ పక్కపక్కన పెట్టండి. అర్ధబానిస యజమానురాలి ఇల్లు వదిలి నడిచాడు. రైతు కాపలా వదిలి కూర్చున్నాడు. అంటరాని పిల్లవాడు ఎంగిలి విస్తరి దగ్గరికి తిరిగి వచ్చాడు. ముగ్గురిలో తిరిగి రావాల్సి వచ్చింది ఒక్కడికే. మొదటి రెండు కథల్లో కుక్క వల్ల ఆ మనిషి కాదనడం మనకి కనపడింది. మూడో కథలో కుక్క ఆకలిని పక్కన కూర్చోబెట్టి, పిల్లవాడి కాదనడాన్ని కరిగించింది.

దీనికి జవాబుగా కొందరు మిత్రులు అంటారు: అది వాస్తవం గదా, పసివాడు ఎక్కడికి పోతాడు, గెరాసిమ్ అంటే బలశాలి. నిజమే. కాని ఆంద్రేయి కూడా వాస్తవంలో ఎక్కడికీ పోలేదు. రచయిత పంపాడు కాబట్టి గెరాసిమ్ పోయాడు. వాస్తవికత అనేది రచయిత ఏరుకునేది. ఏది ఏరుకున్నాడో చూస్తే ఏ వైపు నుంచి చూస్తున్నాడో తెలుస్తుంది. 1934 నాటికి మహద్ జరిగి ఏడేళ్లు. అంటరానివాళ్లు చెరువు దగ్గరికి నడిచారు, పుస్తకం తగలబెట్టారు. అదీ వాస్తవమే. కథలోకి ఆ వాస్తవం రాలేదు.

ప్రేమ్‌చంద్‌ని తిట్టడం నా ఉద్దేశం కాదు. 2004లో ఢిల్లీలో దళిత రచయితల సంఘం ఒకటి 'రంగభూమి' నవల ప్రతుల్ని తగలబెట్టింది. 'కఫన్' మీద హిందీ దళిత రచయితలు ఎంతో వాదన నడిపారు. ఆ కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థం చేసుకోవాలి. నేను మాత్రం 'దూధ్ కా దామ్' ప్రతి హాస్టల్‌లో చదవాలంటాను. చదివి, ఎక్కడ ఆగిపోయిందో చూపించాలంటాను. భుంగీ మోరీలో చేయి పెట్టి చనిపోయిన సంగతి ఇంకా పాతబడలేదు. పాకీపని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం చేశాక కూడా మ్యాన్‌హోళ్లలో మనవాళ్లే చనిపోతున్నారు.

విన్న జంతువు, మోసుకుపోయిన జంతువు

జంతువుకి గోడు చెప్పుకోవడం మన సాహిత్యంలో కూడా ఉంది. 1941లో జాషువా 'గబ్బిలం' వచ్చింది. అందులో అంటరానివాడు తన బాధని గబ్బిలానికి చెప్పి కాశీ విశ్వనాథుడి దగ్గరికి పంపుతాడు. తనకి గుడి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. మంగల్ లాగే అతనికీ వినేవాడు లేడు. కాని జాషువా ఎంచుకున్న జంతువు తోక ఊపి ఊరుకునేది కాదు. మాట మోసుకుని గుడి గోడ దాటేది. దారి పొడవునా దేశాన్ని చూపించి, ప్రశ్నని దేవుడి చెవి దాకా తీసుకుపోయేది. ప్రేమ్‌చంద్‌కీ జాషువాకీ మధ్య ఉన్నది ఏడేళ్లు మాత్రమే. ఉన్న తేడా కాలానిది కాదు, నిలబడిన చోటుది. ఒకరు వాకిలి లోపల నిలబడి వేపచెట్టు వైపు చూశారు. ఇంకొకరు వేపచెట్టు కింద నిలబడి వాకిలి వైపు చూశారు.

ఈ కాలానికి వస్తే, 2018లో మారి సెల్వరాజ్ తీసిన 'పరియేరుం పెరుమాళ్' అనే తమిళ సినిమా ఉంది. దళిత యువకుడు పరియన్ వేటకుక్క కరుప్పిని ఆధిపత్య కులంవాళ్లు రైలు పట్టాలకి కట్టేసి చంపుతారు. ఆ కుక్క చేసిన తప్పేమీ లేదు. దానికి ఇక్కడ మనిషి కులం అంటింది. సినిమా చివర్లో పరియన్‌నే కొట్టి పట్టాల మీద పడేసినప్పుడు, చనిపోయిన కరుప్పి నీలం రంగులో వచ్చి అతన్ని లేపుతుంది. లేచి నిలబడతాడు. తెరగబడతాడు. ఆ తర్వాత, తన ప్రాణం మీదికి తెచ్చినవాళ్ల ఇంటిపెద్దతో ఎదురుగా నిలబడి మాట్లాడతాడు. మంగల్ గుర్రం ఆటలో అడిగిన ప్రశ్న ఎనభై నాలుగేళ్లకి మళ్లీ మనిషి ముఖం మీదికి వచ్చింది. టామీ ఎంగిలి విస్తరి పక్కన కూర్చుంది. కరుప్పి పట్టాల మీంచి లేపింది. రెంటికీ పేరు ప్రేమే. రెండూ ఒకటి కాదు.

పాఠం ఎట్ల చెప్పాలి?

హిందీ, తెలుగు పాఠాలు చెప్పే ఉపాధ్యాయ మిత్రులకి ఒక మాట. ఇట్లాంటి కథ క్లాసులో వచ్చినప్పుడు జీవకారుణ్యం గురించి నోట్సు రాయించడం ఆపండి. పిల్లల్ని మూడు ప్రశ్నలు అడగండి. ఈ మనిషికి తోటి మనుషులు ఎందుకు లేకుండా పోయారు? వీళ్లిద్దరూ తినే గిన్నె ఎవరు పెట్టింది? కథ అయిపోయాక ఇతను ఎటు పోతున్నాడు? ముందు బెంచీల్లో ఉన్న పిల్లలకి ఇవి కొత్త ప్రశ్నలు. వెనక బెంచీల్లో ఉన్న మన పిల్లలకి వీటి జవాబులు ఇంట్లోనే తెలుసు. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

రాసే మిత్రులకి ఇంకో మాట. కుక్కతో మనకున్నంత చుట్టరికం ఇంకెవరికీ లేదు. వేటకి తీసుకుపోయింది మనవాళ్లే, చేను దగ్గర తోడు పడుకుంది మనవాళ్లే, చచ్చిపోతే ఈడ్చుకుపోయింది కూడా మనవాళ్లే. వాడలో కుక్క ఎవరిదో ఒకరిది కాదు, అందరిదీ. రాత్రిపూట పోలీసులో, ఊరిపెద్దలో వస్తే మొదట మొరిగేది అదే. ఆ కుక్క విశ్వాసం దొర మీద కాదు, వాడ మీద. ఆ కథ తెలుగులో ఇంకా సరిగ్గా రాలేదు. మంగల్‌ని వాడకి తీసుకొచ్చే కథ ఒకటి ఎవరో రాయాలి. అందులో టామీ కూడా ఉండాలి. విస్తరి మాత్రం ఎంగిలిది కాకూడదు.